ఏం వేయాలని అడగడం మానండి

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఈ చలికాలమూ అదే ప్రశ్న. "అన్నా, కుండీలో మామిడి ఆకులు మాడిపోతున్నాయి, ఏం వేయమంటారు?" గుళ్లో కనబడినా, స్టేషన్‌లో ఎదురుపడినా ఇదే మాట. చూపించే ఫొటోలో ఆకు ఒక్కటే ఉంటుంది. కుండీ ఉండదు, మట్టి ఉండదు, ఎండ ఎటునుంచి పడుతుందో తెలియదు. నాకు ఒళ్లు మండేది ఆ 'ఏం వేయాలి' దగ్గరే. చాలా కుండీల్లో చెట్టు పాడైంది వేసినవాటితోనే.

మొన్న ఒక మిత్రుడి బాల్కనీలో చూశాను. కెన్సింగ్టన్ ప్రైడ్ రకం మామిడి అంటు, నడుమెత్తున ఉంది. ముదురాకుల కొసలు, అంచులు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఈనె వెంబడి మాత్రం ఇంకా పచ్చదనం ఉంది. మట్టి మీద తెల్లటి పొర. అడుగున పళ్లెంలో నిలిచిన నీళ్లు. వేలు గుచ్చితే రెండు కణుపుల లోతున కూడా బురదే. జూన్ నుంచి నెలనెలా కోడిఎరువు గుళికలు, పైన ద్రవ ఎరువు. ఇంక తెగులు పేరు వెతకడం దేనికి? ఆ తెల్ల పొర ఉప్పు. సిడ్నీ కుళాయి నీళ్లలో లవణాలు తక్కువ. అది పేరుకున్నది ఎరువులోంచే. పళ్లెంలోకి దిగిన ఉప్పునీటినే వేళ్లు మళ్లీ పీల్చుకుంటున్నాయి.

మాడడం ఎక్కడ మొదలైందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కొస నుంచి అంచుల వెంట లోపలికి పాకితే ఉప్పో, నీటి ఎద్దడో, వేరుకుళ్లో. ముసురు పట్టిన తర్వాత లేత ఆకుల మీద అక్కడక్కడా నల్లమచ్చలు లేస్తే పక్షికన్ను తెగులు. ఎండ తగిలే వైపే పాలిపోయి మాడితే ఎండదెబ్బ. చిగురు రాగిరంగులో వస్తే అది జబ్బే కాదు, మామిడికి అది సహజం. దానికీ మందు కొట్టినవాళ్లను చూశాను.

జులై రాత్రుల్లో పరమట్టా చుట్టుపక్కల ఐదారు డిగ్రీలకు దిగిపోతుంది. ఆ చలిలో మామిడి వేళ్లు దాదాపు పని మానేస్తాయి. అప్పుడు పోసిన ఎరువంతా మట్టిలోనే ఉండిపోతుంది. వేసవిలో మరో ప్రమాదం. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది; అలాంటి ఎండకు నల్ల ప్లాస్టిక్ కుండీలో వేళ్లు ఉడికిపోతాయి. పైగా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. దక్షిణపు బాల్కనీలో పెట్టిన మొక్కకు చలికాలమంతా ఎండ పొడే తగలదు. మనూళ్లో అలవాటైన దిక్కులు ఇక్కడ పనికిరావు.

ముందు పళ్లెం తీసేయండి. మట్టి ఆరనివ్వండి. తర్వాత ఎండ కాసే ఒక పొద్దున అడుగు బెజ్జాల్లోంచి ధారగా కారేదాకా వట్టి నీళ్లు పోసి, కాసేపాగి మళ్లీ పోయండి. ఆపైన రెండు కణుపుల లోతు పొడిబారితేనే నీళ్లు. వసంతంలో చిగురు కదిలేదాకా ఎరువు ఊసెత్తొద్దు. మాడిన భాగం మళ్లీ పచ్చబడదు, కానీ సగం పచ్చగా ఉన్న ఆకును తెంపకండి. ఆ మిగిలిన సగమే చెట్టుకు అన్నం వండుతోంది.

తెంపడమంటే తోరణాల సంగతీ చెప్పాలి. ఉగాది ఇక్కడ ఆకురాలు కాలంలో వస్తుంది. చలికి ముందు చెట్టుకున్న కాస్త ఆకునూ గుమ్మానికి కట్టేస్తున్నాం. ఎవరింట్లోనైనా గృహప్రవేశమైతే పక్కవాళ్ల కుండీ కూడా బోడి అవుతోంది. పెరట్లో పెద్దచెట్టున్నవాళ్లను అడగండి, కుండీలో మొక్కను వదిలేయండి.

అన్నిటికంటే నాకు కష్టమనిపించింది వేరే ఉంది. ఆ మిత్రుడి మామగారు నూజివీడు వైపు రైతు. రసాల తోటలో జీవితం గడిపిన మనిషి. మనవణ్ణి చూసుకోవడానికి జూన్‌లో వచ్చారు. "అల్లుడుగారూ, నీళ్లు ఎక్కువవుతున్నాయి" అని వచ్చిన వారంలోనే చెప్పారట. "ఇక్కడి వాతావరణం వేరు మామయ్యగారూ" అని మా మిత్రుడు ఫోన్‌లో చూసిందే చేశాడు. వాతావరణం వేరైనా, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లడం ఎక్కడైనా ఒకటే. ఊరి నుంచి వచ్చిన పెద్దలను వంటకూ పిల్లల కాపలాకూ పెట్టుకుంటాం. వాళ్లకు నిజంగా తెలిసిన విద్య గురించి ఒక్క ప్రశ్న అడగం. ఆర్నెల్లు గది గోడలు చూసి తిరిగి విమానం ఎక్కుతారు.

మళ్లీ మనమే పిల్లలకు తెలుగు రావడం లేదని సభలు పెట్టి బాధపడతాం. చిగురు, ఈనె, అంటు, పూత, పిందె అన్న మాటలు పుస్తకంలో కంటే చెట్టు దగ్గర త్వరగా వస్తాయి. తాతగారికి ఆ కుండీ అప్పజెప్పి, మనవణ్ణి పక్కన నిలబెట్టండి. పిల్లలు వినడం మొదలుపెట్టాలంటే, ఇంట్లో ఆయన మాట ముందు మనం వినాలి.