పైపు లావు, సంపు చిన్న

ఇరవయ్యో తారీకు వచ్చిందంటే చాలు, మా ఇంట్లో నెట్‌కి నీరసం వచ్చేస్తుంది. అప్పటిదాకా 200 ఎంబీపీఎస్‌తో పరిగెత్తిన లైను కాస్తా నెలాఖరు దాకా ఎడ్లబండిలా నడుస్తుంది. కంపెనీ పేరెందుకులెండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి పాపం చాలా మర్యాదగా "సర్, మీరు ఫెయిర్ యూసేజ్ లిమిట్ దాటారు" అంది. అంటే మనది అన్‌ఫెయిర్ వాడకం అన్నమాట! నెలనెలా బిల్లు కట్టి, వాడు అమ్మిన స్పీడునే వాడుకుంటే అది అన్యాయం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అందుకే కనెక్షన్ మార్చేద్దామని కూర్చున్నా.

ముందుగా ఒక సంగతి. నెలకి నాలుగు టీబీ దించుతానని చెప్పగానే మనవాళ్ళ మొహంలో ఒక రకమైన నవ్వు వస్తుంది. "ఏం సినిమాలు గురూ?" అని కన్ను గీటుతారు. సినిమాలు కాదు మహాప్రభో. ఈ రోజుల్లో ఎవరైనా విడుదల చేసిన ఒక 70 బిలియన్ పారామీటర్ల మోడల్ తెచ్చి ఇంట్లో ఆడించి చూద్దామంటే, 16 బిట్లలో అదొక్కటే 140 జీబీ. దానికి మూడు నాలుగు వెర్షన్లు చూడకుండా ఏది పనికొస్తుందో తెలీదు. ఆఫీసు కంటైనర్ ఇమేజీలు, మావాడి ఆటలు, నేను టొరెంట్‌లో పంచే లినక్సు డిస్ట్రోలు సరేసరి. ఇవి కాక పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక ఆ పుస్తకాల కోసం మనం వెళ్ళేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌కే కదా. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులపాటు సైటే తెరుచుకోలేదు. ఆ రోజుల్లో నా హార్డ్‌డిస్కులో ఉన్నవే నాకు దిక్కు. అంతర్జాలంలో ఉన్నది ఎప్పటికీ అక్కడే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. జియోసిటీస్ 2009లో పోయినప్పుడే ఆ ముచ్చట తీరిపోయింది. కాబట్టి ఎక్కువ దించుకునేవాడు దొంగ అన్న ఊహని దయచేసి పక్కన పెట్టండి.

ఇక లెక్కల్లోకి వద్దాం. 2020 సెప్టెంబరులో జియో వాళ్ళు 399 నుంచి అన్లిమిటెడ్ ప్లాన్లు తెచ్చారు, ఆ వెంటనే ఎయిర్‌టెల్ కూడా 499 నుంచి తెచ్చింది. చిన్న అక్షరాల్లో చూస్తే రెండింటికీ నెలకి 3,300 జీబీ పరిమితి. అప్పట్నుంచి ఆ 3.3 టీబీ అనే అంకె మన ఊళ్ళో ఒక ఆచారంలా స్థిరపడిపోయింది. మామూలు ఇంటికి అది చాలా ఎక్కువే, కాదనను. కానీ మన కేసు వేరు. 3,300 జీబీని నెల మొత్తానికి పంచండి. సగటున సెకనుకి 10 ఎంబీపీఎస్ కొంచెం పైన, అంతే. 30 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని ఆపకుండా దించితే ఆ కోటా పది రోజుల్లో అయిపోతుంది. 100 ఎంబీపీఎస్ అయితే మూడు రోజులు. 300 ఎంబీపీఎస్ అయితే సరిగ్గా ఒక్క రోజు! అంటే ఎక్కువ డబ్బులు కట్టి పెద్ద ప్లాను తీసుకుంటే మనకొచ్చేది పైపు లావు మాత్రమే. కింద సంపు మాత్రం అదే సైజు. ఎంత తొందరగా తోడితే అంత తొందరగా ఎండిపోతుంది.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 2017లో హైదరాబాదులో ఏసీటీ వాళ్ళు 1 జీబీపీఎస్ కనెక్షన్ మొదలుపెట్టినప్పుడు ఊరంతా తెగ సంబరపడ్డాం. 5,999 రూపాయలకి నెలకి 1 టీబీ. మంచిదే, ఆ రోజుల్లో గొప్పే. అయితే 1 జీబీపీఎస్‌లో 1 టీబీ దించడానికి పట్టే సమయం రెండుంపావు గంటలు కూడా కాదు. ఒక సినిమా చూసొచ్చేలోపు నెల కోటా ఖతం.

కోటా అయ్యాక ఏమవుతుందో కూడా అడగాలి. మా పాత కంపెనీ 2 ఎంబీపీఎస్‌కి దించేసేది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్, తర్వాత 512 అయింది, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. కాబట్టి సర్కారు లెక్కలో నాకు అందుతున్నది ఇంకా బ్రాడ్‌బ్యాండే. అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు. ఆ స్పీడులో ఇందాకటి 140 జీబీ మోడల్ దిగడానికి ఆరున్నర రోజులు పడుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే.

మా అపార్టుమెంటు గేటు దగ్గర గొడుగు వేసుకుని కూర్చునే సేల్స్ కుర్రాళ్ళని ఈ మధ్య వరసబెట్టి అడిగాను.

"అన్లిమిటెడ్ సార్."

"అన్లిమిటెడ్ అంటే ఎంత బాబూ?"

"3,300 జీబీ సార్."

వాణ్ణి ఏమనగలం చెప్పండి! (చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ వేరే అని కూడా మనమే అడిగి తెలుసుకోవాలి.) ఎయిర్‌ఫైబర్ కుర్రాడు ఇంకా నయం, 1,000 జీబీ అని ముందే చెప్పేశాడు. గాల్లోంచి వచ్చే కనెక్షన్ మనలాంటి వాళ్ళ పనికి కాదు. వైరు రాని చోట ఉండేవాళ్ళకి అది.

అసలు ఈ పరిమితి ఎందుకంటే కంపెనీ వాళ్ళు చెప్పే కారణం ఒకటుంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మన ఇళ్ళకి వచ్చే ఫైబర్ చాలావరకు జీపాన్. ఒక పోగు మీద కిందికి దాదాపు 2.5 జీబీపీఎస్, పైకి 1.25. దాన్ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 32 ఇళ్ళూ ఒకేసారి దించితే ఒక్కొక్కరికి 78 ఎంబీపీఎస్ వస్తుంది. కాబట్టి ఒకడు రోజంతా లాగుతుంటే పక్కింటివాడికి ఇబ్బందే. ఒప్పుకుంటా.

కానీ ఇబ్బంది ఎప్పుడు? రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా, అందరూ ఓటీటీలూ క్రికెట్టూ చూసేటప్పుడు. తెల్లవారుజామున మూడింటికి ఆ పోగు ఖాళీగా పడి ఉంటుంది. అప్పుడు నేను 500 జీబీ లాగినా ఎవడి బఫరింగూ పెరగదు, కంపెనీకీ పైసా అదనపు ఖర్చు లేదు. వాళ్ళు బయటి లింకుల కెపాసిటీ కొనేది రద్దీ సమయాన్ని బట్టే కదా. అయినా మీటరు మాత్రం రాత్రి తొమ్మిదింటి జీబీనీ తెల్లవారుజాము మూడింటి జీబీనీ ఒకే కాటాలో తూస్తుంది. రద్దీ తగ్గించడానికే ఈ పరిమితి అయితే అది గంటల మీద ఉండాలి, నెల మీద కాదు.

ఈ చిన్న విషయం బీఎస్ఎన్ఎల్‌కి ఎప్పుడో తెలుసు. డేటావన్ 500 రూపాయల ప్లాను గుర్తుందా? రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత దించినా లెక్కలోకి రాదు. ఫ్లాష్‌గెట్‌లో షెడ్యూలు పెట్టి, కంప్యూటరు వదిలేసి పడుకునేవాళ్ళం. 2007లో స్పీడు 2 ఎంబీపీఎస్ దాకా పెంచాక ఒక రాత్రికి 5 జీబీ దిగేది. అప్పట్లో అదే ఒక ఐశ్వర్యం. సర్కారు కంపెనీ, లైన్‌మ్యాన్ కోసం వారాలు ఎదురుచూసిన మాటా నిజమే. కానీ ఆ ఒక్క ప్లానులో ఉన్న తెలివి ఇప్పుడు నేను చూసిన డజను ప్లాన్లలో ఒక్కదానిలోనూ కనబడలేదు. ఎందుకంటే "1 జీబీపీఎస్" అని హోర్డింగు మీద రాయొచ్చు, "రాత్రి ఫ్రీ" అంటే పేదవాడి ప్లానులా వినబడుతుంది. అంతకుమించి వేరే కారణం నాకు తోచట్లేదు.

అప్‌లోడ్ సంగతి చాలామంది పట్టించుకోరు. మా నాన్నగారి పాత వీడియో క్యాసెట్లు డిజిటల్ చేయిస్తే 1 టీబీ అయ్యాయి. వాటిని ఇంకోచోట దాచుకుందామంటే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో నాలుగున్నర రోజులు, 100తో ఇరవై రెండు గంటలు. రెండు వైపులా ఒకే స్పీడు ఇస్తాడా అని తప్పకుండా అడగండి. అలాగే మీ రౌటరులో వాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతోందంటే ఒకే ఐపీని బోల్డు ఇళ్ళకి పంచుతున్నాడని అర్థం. 2011లోనే మన ఆసియా వైపు ఐపీవీ4 అడ్రసులు దాదాపు అడుగంటాయి కాబట్టి వాళ్ళని తిట్టి లాభం లేదు. కానీ టొరెంట్‌లో పంచాలన్నా, ఊళ్ళో ఉండగా ఇంటి సర్వరులోకి వెళ్ళాలన్నా ఇబ్బందే. ఐపీవీ6 సరిగ్గా ఇస్తే సగం బాధ తీరుతుంది. లేదంటే స్టాటిక్ ఐపీ అని నెలకింత గుంజుతారు.

స్పీడ్‌టెస్ట్ చూపించి మురిపిస్తే పడిపోకండి. ఆ టెస్టు సర్వరు చాలాసార్లు ఆ కంపెనీ నెట్‌వర్కులోనే ఉంటుంది. ఇంటి చావిడిలో పరిగెత్తి మారథాన్ గెలిచానన్నట్టు ఉంటుంది వ్యవహారం. మా కింది ఫ్లోరు ఆయన్ని బతిమాలి, రాత్రి తొమ్మిదింటికి వాళ్ళింట్లో యూరప్ మిర్రర్ నుంచి ఒక ఐఎస్ఓ దించి చూశాను. స్పీడ్‌టెస్ట్‌లో 200 చూపిన లైను అక్కడ 40 దాటలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది వైరు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు డిపార్టుమెంటు వాళ్ళు స్తంభాల మీది కేబుళ్ళన్నీ కోసుకుంటూ పోయారు. ఊళ్ళో సగం ఇళ్ళకి నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. ప్రాణాల ముందు నెట్ ఎంత, కొయ్యాల్సిందే. కానీ ఇన్నేళ్ళుగా వేల రూపాయలు తీసుకుని మనకి "ఫైబర్" అని అమ్మింది స్తంభానికి చుట్టిన తీగచుట్ట అని ఆ వారంలో అందరికీ తెలిసొచ్చింది. మీ వీధిలో ఎవరి కేబులు భూమిలోంచి వస్తోంది, తెగితే ఎవడొచ్చి అతుకుతాడు అన్నది బ్రోషర్‌లో ఉండదు. కిందికి దిగి తలెత్తి చూడాల్సిందే.

ఇంత పరిశోధనా చేశాక, ఎంచుకునే హక్కు మన చేతుల్లో ఉంటే కదా! మా అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్ళు రెండు కంపెనీలకి మాత్రమే షాఫ్టులో కేబులు వేసుకోనిస్తారు. ఎందుకూ అంటే "అందం పాడవుతుంది" అంటారు. ఆ రెండిట్లో ఒక కంపెనీ బ్యానరే ప్రతి సంక్రాంతి ముగ్గుల పోటీకీ కడతారు మరి. 2024లో ట్రాయ్ భవనాలకి డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. అందులో మార్కుల కోసమైనా మూడోవాణ్ణి రానివ్వండని మీటింగులో అడిగాను. మా ఆవిడ కూడా వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళందరి సంతకాలూ సేకరించింది, ముప్ఫై నాలుగు ఇళ్ళు. మూడు మీటింగులు పట్టింది కానీ ఒప్పుకున్నారు.

చివరికి తీసుకున్నది ఒక లోకల్ కంపెనీ. 100 ఎంబీపీఎస్, రెండు వైపులా అంతే. పాత 200 ప్లానుకంటే నూటయాభై ఎక్కువ. నెలకి పరిమితి లేదని నోటితో చెబితే కుదరదు, రాసివ్వమన్నాను. ఆ అబ్బాయి "అన్నా, మీది ఇల్లా ఆఫీసా?" అని రెండుసార్లు అడిగి, వాళ్ళ ఓనరుతో మాట్లాడి వాట్సాప్‌లో పంపించాడు. దాన్ని ప్రింటు తీసి రౌటరు వెనకాల అతికించాను. మొదటి నెల 4.6 టీబీ దిగింది, ఎక్కువ భాగం రాత్రి ఒంటిగంట తర్వాతే. ఇప్పటిదాకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు.