చెప్పే మనిషి కావాలి

ఉత్తర తెలంగాణలో దవాఖానకు ఎవరూ ఒంటరిగా పోరు. జబ్బు పడింది ఒక్కరే అయినా బస్సు దిగేది నలుగురు. ఒకరి చేతిలో పాత చిట్టీలు, ఎక్స్‌రేలు ఉన్న ప్లాస్టిక్ సంచి. ఇంకొకరి చేతిలో సద్ది గిన్నె, చెద్దరు. మూడో మనిషికి పట్నంలో తెలిసినవాళ్ళు ఎవరో ఉంటారు, అందుకే ఫోను అతని దగ్గర ఉంటుంది. నాలుగో మనిషి ఊరికే వస్తాడు, ధైర్యానికి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూర్ వైపు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు వచ్చేవాళ్ళయినా, పెన్‌గంగ దాటి మహారాష్ట్ర పల్లెల నుంచి వచ్చేవాళ్ళయినా, హుజూరాబాద్, చొప్పదండి నుంచి కరీంనగర్ పెద్ద దవాఖానకు చేరేవాళ్ళయినా వరస ఇదే.

ఆసుపత్రి లెక్కలో వీళ్ళందరికీ ఒకటే పేరు, అటెండెంట్లు. సెక్యూరిటీ గార్డు విజిల్ వాళ్ళ కోసమే. రౌండ్స్‌కు డాక్టర్లు వచ్చే వేళకు వాళ్ళను బయటికి పంపేస్తారు. రోగికి ఏమైందో, రేపు ఏం చేయబోతున్నారో మాట్లాడుకునేది ఆ కాసేపట్లోనే. ఆ సంగతి అందరికన్నా ఎక్కువ తెలియాల్సినవాళ్ళు సరిగ్గా అప్పుడే తలుపు అవతల నిలబడి ఉంటారు. రౌండ్స్ అయిపోయాక లోపలికి వచ్చి మంచం మీది మనిషినే అడుగుతారు, "సారు ఏమన్నడు?" అని. జ్వరంతోనో మత్తుతోనో ఉన్న ఆ మనిషి ఏం చెబితే అదే ఇంటిల్లిపాదికీ సమాచారం.

బయటికి పంపినవాళ్ళే మిగతా ఇరవై మూడు గంటలూ వార్డును నడిపిస్తారు. సెలైన్ బాటిల్ ఎప్పుడు అయిపోతుందో చూసేది వాళ్ళు. పక్కకు తిప్పి పడుకోబెట్టేది, బాత్‌రూముకు పట్టుకుపోయేది, రక్తపరీక్ష సీసా ల్యాబుకు మోసేది వాళ్ళు. డ్యూటీ చార్టులో మాత్రం వాళ్ళ పేర్లు ఉండవు. హైదరాబాదులోని 18 పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో 2022లో సహాయకులకు అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టినప్పుడు, వీళ్ళకూ ఆకలి ఉంటుందని సర్కారు గుర్తించినట్టయింది. వాళ్ళకు ప్రశ్నలు కూడా ఉంటాయన్నది ఆ తర్వాతి గుర్తింపు కావాలి.

ఆ ప్రశ్నలేమిటో వెతికిన పరిశోధన ఒకటి చాలా ఏళ్ళ కిందటే జరిగింది. చేసింది డాక్టరు కాదు, నర్సు. 1979లో ప్రచురించిన అధ్యయనం కోసం అమెరికాలో నాన్సీ మోల్టర్ ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగుల బంధువులు 40 మందితో మాట్లాడి, వాళ్ళ అవసరాలు 45 రాసి, ఏది ఎంత ముఖ్యమో చెప్పమంది. మెత్తటి కుర్చీలు, మంచి కాఫీ, ఏసీ గది వంటివి పైకి వస్తాయని ఎవరైనా అనుకుంటారు. బంధువులు తమ సౌకర్యాలను అడుగుకు తోసేశారు. అన్నిటికన్నా పైన నిలిచింది ఆశ ఉందన్న భావన. ఇక్కడి సిబ్బందికి మా మనిషి మీద పట్టింపు ఉందని తెలియడం, అడిగినదానికి నిజం చెప్పడం, అర్థమయ్యే మాటల్లో చెప్పడం, రోగికి దగ్గర్లో కూర్చునే చోటు, పరిస్థితి మారితే కబురు చేయడం కూడా పై వరసలోనే ఉన్నాయి. తర్వాతి పరిశోధకులు ఈ జాబితాకు మెరుగులు దిద్ది ఎన్నో దేశాల్లో వాడారు. మన జిల్లా ఆసుపత్రి వరండాలో అడిగినా జవాబు పెద్దగా మారదనిపిస్తుంది. మనవాళ్ళు కుర్చీల సంగతి అసలే ఎత్తరు, నేలమీద చెద్దరు పరచుకోవడం అలవాటే.

ఆ జాబితాలో ఎక్కువ భాగానికి ఖర్చు లేదు. కావలసిందల్లా చెప్పే మనిషి, చెప్పే సమయం. ఆ మనిషి ఎక్కువసార్లు నర్సే అవుతుంది. డాక్టరు రోజుకు ఒకటి రెండుసార్లు కనిపిస్తే, సిస్టర్ ఎనిమిది గంటలూ అక్కడే ఉంటుంది. రిపోర్టులో ఏముందో ఆమెకు తెలుసు, పల్లెటూరి మనిషికి ఎట్లా చెప్పాలో కూడా తెలుసు. ఆమెకు లేనిది తీరిక. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలి. రాత్రి డ్యూటీలో మన వార్డుల్లోకి తొంగిచూసినవాళ్ళెవరికైనా ఈ లెక్క కాగితం మీదిదేనని తెలుస్తుంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆసుపత్రుల లెక్కలు ప్రచురించింది. నర్సు చూసుకోవాల్సిన రోగులు ఒక్కరు పెరిగినా, శస్త్రచికిత్స జరిగినవాళ్ళు నెల లోపల చనిపోయే అవకాశం దాదాపు ఏడు శాతం పెరుగుతోందని అందులో తేలింది. చిరాకుపడిన సిస్టర్ మీద ఫిర్యాదు రాసే ముందు ఆ పూట ఆమెకు ఎన్ని మంచాలు అప్పగించారో కూడా ఆ కాగితం మీదే రాయాలి.

అయితే సిబ్బంది పెరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదని చెప్పే పరిశోధన కూడా ఉంది. 2006లో అచ్చయిన అధ్యయనంలో, అమెరికాలోని 14 ఆసుపత్రుల్లో, 27 వార్డుల్లో క్రిస్టీన్ మీడ్ బృందం ఒక చిన్న మార్పు చేసి చూసింది. రోగి పిలిచేదాకా ఆగకుండా గంటకోసారో రెండు గంటలకోసారో నర్సులే మంచం దగ్గరికి వెళ్ళాలి. నొప్పి ఉందా, బాత్‌రూముకు పోవాలా, పక్కకు తిరగాలా అని అడగాలి. మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్ళాలి. ఫలితంగా గంట నొక్కి పిలవడం తగ్గింది, రోగులు పడిపోవడం తగ్గింది, సంతృప్తి పెరిగింది. మళ్ళీ వస్తానని చెప్పినవాళ్ళను ఎవరూ పదిసార్లు పిలవరు. మన జనరల్ వార్డుల్లో నొక్కడానికి గంటలు లేవు, ఆ పని అటెండెంటే చేస్తాడు. నర్సుల గది ముందు చేరి "సిస్టర్, బాటిల్ అయిపోవచ్చింది" అని మూడోసారి అంటున్న మనిషి విసిగిస్తున్నాడని కోప్పడతాం గానీ, ఎప్పుడు అయిపోతుందో మొదటిసారే చెప్పి ఉంటే ఆ రెండు రాకలు తప్పేవి.

ఆదిలాబాదులో చెప్పడానికి ఇంకో మెలిక ఉంది. 2011 జనగణన నాటి ఉమ్మడి జిల్లాలో నూటికి 18 మంది గిరిజనులు. గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే వార్డులో వినిపిస్తాయి. మందుల చిట్టీ ఇంగ్లీషులో ఉంటుంది, సూచనలు తెలుగులో గబగబా సాగుతాయి. కొలాం గూడెం నుంచి వచ్చిన అవ్వ అన్నిటికీ తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని అర్థమైందనే కేసు షీటులో రాసుకుంటాం. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు పల్లె మార్లవాయిలో ఉన్న కాలంలో నిజాం ప్రభుత్వం గోండు పిల్లలకు గోండిలోనే వాచకాలు చేయించి, గోండు యువకులనే పంతుళ్ళుగా తయారుచేసింది. బడికి ఎనభై ఏళ్ళ కిందటే తట్టిన సంగతి దవాఖానకు ఇంకా పూర్తిగా తట్టలేదు. ఆశా కార్యకర్తో, ఆ వార్డులోనే మరో మంచం పక్కన కూర్చున్న చదువుకున్న కుర్రవాడో దుబాసీ అవుతున్నారు. ఆడవాళ్ళ జబ్బుల గురించి ఆ కుర్రవాడి ముందు చెప్పడానికి ఏ తల్లి నోరు విప్పుతుంది?

సమాచారం అందని కుటుంబం ఏం చేస్తుందో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది కాన్పుల దగ్గర. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. ప్రైవేటులో అయితే 81.5 శాతం. కరీంనగర్ జిల్లాలో ప్రైవేటూ సర్కారీ కలిపి చూసినా 82 శాతం పైనే. పాత ఆదిలాబాదులోంచి వచ్చిన కుమురం భీం ఆసిఫాబాద్‌లో 27 శాతం. పక్కపక్కనే ఉన్న రెండు ఉమ్మడి జిల్లాల నడుమ ఇంత తేడా స్త్రీల ఒళ్ళలో ఉండదు. ఆసిఫాబాద్ అంకెను చూసి సంబరపడాల్సింది కూడా పెద్దగా లేదు, వాగులు పొంగితే ఆపరేషన్ అవసరమైన తల్లికి కూడా అది అందని ఊళ్ళు అక్కడ ఉన్నాయి. కరీంనగర్ అంకెకు మంకమ్మతోట నర్సింగ్ హోముల బిల్లులే కారణమంటే సగమే చెప్పినట్టు. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్ళున్నారు. కోడలి అరుపులు తలుపు అవతల నుంచి వింటూ, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక, చివరికి "ఆపరేషన్ చేసి తియ్యుండ్రి, మేం చూడలేం" అనే అత్తలూ అమ్మలూ ఉన్నారు. ఆ మాట అనిపించేది భయం. పక్కన నిలబడి "ఇంకా టైముంది, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటున్నది" అని గంటకోసారి చెప్పే మనిషి ఉంటే ఆ భయంలో చాలా భాగం ఉండదు.

ఈ మాట పరిశోధన కూడా నిలబెట్టింది. 1980లో అచ్చయిన అధ్యయనంలో, గ్వాటెమాలా ఆసుపత్రిలో సోసా, కెన్నెల్, క్లాస్ బృందం కొందరు గర్భిణుల పక్కన ధైర్యం చెప్పే ఒక స్త్రీని ఉంచి చూసింది. ఆమె వైద్యం చేయదు, చెయ్యి పట్టుకుంటుంది, వెన్ను రాస్తుంది, మాట్లాడుతుంది. ఒంటరిగా నొప్పులు పడ్డవాళ్ళకు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాన్పు దాకా సగటున 19.3 గంటలు పడితే, తోడున్నవాళ్ళకు 8.8 గంటలు. అదో చిన్న అధ్యయనం, తేడా ప్రతిచోటా అంత పెద్దగా ఉండదు. 2017లో కోక్రేన్ సంస్థ 26 అధ్యయనాలను, 15 వేలకు పైగా స్త్రీల అనుభవాన్ని కలిపి చూసినప్పుడు కూడా దారి మాత్రం అదే కనిపించింది. తోడు ఉన్నప్పుడు మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, చేదు జ్ఞాపకంతో ఇంటికి పోయేవాళ్ళు తక్కువ. కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడుగా రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. మన అమ్మమ్మల మంత్రసానులకు ఈ సంగతి చెప్పాల్సిన పని ఉండేది కాదు. కాన్పులు ఆసుపత్రికి మారి వేల మంది తల్లుల ప్రాణాలు దక్కాయి, కాదనలేం. ఆ మార్పులో చెయ్యి పట్టుకునే మనిషి బయట ఉండిపోయింది.

ఆమెను మళ్ళీ లోపలికి తెచ్చే ప్రయత్నం మొదలైన చోట్లలో కరీంనగర్ కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి దాని తొలి మజిలీల్లో ఒకటి. మరుసటి ఏడాదే మిడ్‌వైఫరీ మీద కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. సిజేరియన్లకు పేరుపడ్డ జిల్లాలోనే ఈ పని మొదలవడం బాగుంది. తర్ఫీదు పొందిన నర్సును సిబ్బంది కొరత పేరుతో మళ్ళీ జనరల్ వార్డుకు పంపితే మాత్రం ఆ 18 నెలలూ వృథా.

ఇంటివాళ్ళను లోపలికి రానివ్వడం నెలలు నిండని పసిబిడ్డల విషయంలోనూ మేలే చేసింది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం నుంచి నేర్పి నవజాత శిశు విభాగంలోకి రానిచ్చారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు, తల్లిపాలు తాగే పిల్లలు పెరిగారు. 2017లో అది జాతీయ విధానమైంది.

ఇక రోగుల సంతృప్తి సంగతి: దాన్ని కొలవడానికి మన దగ్గర యంత్రాంగం లేకపోలేదు. 2016 నుంచి 'మేరా అస్పతాల్' పేరుతో ఫోనుకు సందేశం వస్తుంది, డిశ్చార్జి రోజున ఫారం ఇస్తారు. డిశ్చార్జి కాగితం చేతికి రావాల్సిన వేళ, సిస్టర్ ఎదురుగా నిలబడి ఉండగా, ఎట్లా చూశారని అడిగితే మన పల్లె మనిషి ఏమంటాడు? "మంచిగనే చూసిండ్రు." మర్యాద కొంత, మళ్ళీ రావాల్సి వస్తుందన్న జాగ్రత్త కొంత. ఆ మాటలను శాతాలుగా మార్చి గోడకు తగిలించినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

ఇక్కడే మన నర్సింగ్ కళాశాలలు గుర్తొస్తాయి. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఈ జిల్లాల్లో చదివే బీఎస్సీ విద్యార్థినులకు పరిశోధన ఒక పాఠ్యాంశం, జట్టుగా ప్రాజెక్టు చేయాలి. ఎమ్మెస్సీ వాళ్ళకు సిద్ధాంత గ్రంథం తప్పదు. శీర్షికలు చూస్తే చాలావరకు ఒకే అచ్చు: ఫలానా జబ్బుపై ఫలానావారి అవగాహన, దానిపై బోధన ప్రభావం. పాఠం చెప్పి, ముందూ వెనకా పరీక్ష పెట్టి, మార్కులు పెరిగాయని రాస్తారు. మార్కులు పెరగకుండా ఎట్లా ఉంటాయి? నల్ల అట్ట వేసిన ఆ పుస్తకం గ్రంథాలయం చేరుతుంది, వార్డులో డ్యూటీ చార్టు మారదు. విద్యార్థినుల తప్పు కాదిది. గైడ్‌కు భద్రంగా ఉండే అంశం కావాలి, ఆసుపత్రికి ఇబ్బంది కలిగించని ప్రశ్న కావాలి.

ఇబ్బంది కలిగించకుండానే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఒక మెడికల్ వార్డు తీసుకోవాలి. రౌండ్స్ అయ్యాక బంధువులు నర్సుల గది దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారో, ఏం అడిగారో రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో గీతలు పెట్టాలి. తర్వాతి రెండు వారాలు రౌండ్స్ కాగానే ప్రతి మంచం దగ్గర సిస్టర్ అయిదు నిమిషాలు మాట్లాడాలి: ఈ రోజు ఏం తేలింది, ఏం ఇస్తున్నాం, మళ్ళీ నేను ఎప్పుడు వస్తాను. మళ్ళీ గీతలు పెట్టాలి. రాకలు తగ్గి ఆ అయిదు నిమిషాలు తిరిగొచ్చాయో, పని ఇంకా పెరిగిందో తేలుతుంది. పెరిగినట్టు తేలినా నష్టం లేదు, ఎన్ని నర్సు పోస్టులు కావాలో అడగడానికి మొదటిసారి మన సొంత లెక్క చేతికొస్తుంది. సంతృప్తి గురించి అడగాల్సింది డిశ్చార్జి బల్ల దగ్గర కాదు, ఇంటికి చేరిన వారం తర్వాత, ఆ ఆసుపత్రి వాళ్ళు కానివారు. ఆదిలాబాదులో చేస్తే జట్టులో గోండి వచ్చిన అమ్మాయి ఒకరుండాలి, ప్రశ్నపత్రం తయారుచేసే రోజు నుంచే.