ప్రత్తి, మిరప మైదానాల్లో భాషోపాధ్యాయుల వృత్తి వికాసం: అవకాశాలు – అవరోధాలు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప మైదానాలలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి సాధారణంగా తెలుగు, హిందీ, ఆంగ్లం అనే మూడు భాషలను అభ్యసిస్తాడు. ఉర్దూ పాఠశాలలు ఉన్నచోట ఉర్దూ, పల్నాడు, నల్లమల అంచు తండాల్లో ఇంటి భాషగా బంజారా వీటికి తోడవుతాయి. ఇన్ని భాషల నడుమ బోధన సాగించే ఉపాధ్యాయుని వృత్తి నైపుణ్యం పెంపొందించేందుకు గల అవకాశాలు అసలే లేవనడం సరికాదు. అయితే అవి అన్ని భాషలకు సమానంగా లేవు, అన్ని మండలాలకు సమాన దూరంలో లేవు, ఈ ప్రాంతపు పంట కాలానికి అనుగుణంగానూ లేవు. ఈ మూడు అంశాలపైనే శిక్షణ ఫలితం ఆధారపడి ఉన్నది.

విధానపరమైన నేపథ్యం

1968 జాతీయ విద్యావిధానం త్రిభాషా సూత్రాన్ని ప్రకటించగా, 1986 విధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్లు) ఏర్పడినవి. గుంటూరు జిల్లాకు బోయపాలెంలోనూ, ప్రకాశం జిల్లాకు మైనంపాడులోనూ ఇవి నెలకొన్నాయి. 2001లో ప్రారంభమైన సర్వశిక్షా అభియాన్ ఉపాధ్యాయులకు ఏటా 20 రోజుల వృత్త్యంతర శిక్షణకు వీలు కల్పించింది. తదుపరి కాలంలో దీనిని మండల స్థాయి శిక్షణ, పాఠశాల సముదాయాల నెలవారీ సమావేశాలుగా విభజించడం జరిగింది. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్యా పథకాలు సమగ్ర శిక్షలో విలీనమైనవి. 2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నిష్ఠా కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2020లో అది దీక్ష వేదికపై అంతర్జాల శిక్షణగా మారింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల నిరంతర వృత్తి వికాస కార్యక్రమాల్లో పాల్గొనాలని నిర్దేశించింది.

గంటల లెక్క స్పష్టంగానే ఉన్నది. ఆ గంటల్లో భాషా బోధనకు దక్కేది ఎంత, అది తరగతి గదికి చేరేది ఎంత అన్నవే పరిశీలించవలసిన విషయాలు.

ఒక్కొక్క భాషకు ఒక్కొక్క దారి

ఆంగ్లోపాధ్యాయులకు అవకాశాలు సాపేక్షంగా విస్తృతం. 1963లో బెంగళూరులో స్థాపితమైన దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ, దక్షిణాది రాష్ట్రాలు పంపే ఉపాధ్యాయులకు 30 రోజుల వసతి శిక్షణ నిర్వహిస్తున్నది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ప్రారంభమై, తర్వాత సీఫెల్‌గా పేరొంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొందిన ఇఫ్లూ, ఆంగ్ల బోధనలో దూరవిద్యా కోర్సుల ద్వారా ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు అర్హతలు పెంచుకొనే మార్గం చూపింది.

హిందీ పండితులకు కేంద్రీయ హిందీ సంస్థాన్ హైదరాబాదు కేంద్రం, 1976 నుండి, నవీకరణ కోర్సుల ద్వారా అండగా నిలిచింది. మహాత్మాగాంధీ చొరవతో 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ ఈ ప్రాంతంలో తరతరాల హిందీ పండితులను తయారుచేసింది. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల కోసం హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 2006లో ప్రత్యేక వృత్తి వికాస కేంద్రాన్ని నెలకొల్పింది.

విద్యార్థుల్లో అత్యధికులకు మాతృభాష, ప్రథమ భాష అయిన తెలుగును బోధించే ఉపాధ్యాయునికి మాత్రం ఇటువంటి దీర్ఘకాలిక వసతి శిక్షణ మార్గం అంత స్పష్టంగా కానరాదు. పాఠ్యపుస్తకాలు మారినప్పుడు జరిగే పునశ్చరణ తరగతులే ఆయనకు ప్రధాన ఆధారం. తెలుగు వచ్చినవారందరూ తెలుగు బోధించగలరన్న భావన ఈ లోటుకు ఒక కారణం. చదవడం రాని విద్యార్థికి ఆరో తరగతిలో అక్షరాలు నేర్పే పద్ధతి వేరు, కావ్యభాగాన్ని వివరించే పద్ధతి వేరు. సంప్రదాయ పండిత శిక్షణ రెండవదానికే ఎక్కువ ప్రాధాన్యమిచ్చింది.

పరీక్షా విధానం సైతం శిక్షణపై ప్రభావం చూపుతున్నది. పదో తరగతిలో ఇతర సబ్జెక్టులకు ఉత్తీర్ణత మార్కులు 35 కాగా, హిందీకి చాలాకాలంగా 20 మాత్రమే. ఉత్తీర్ణత సులభమైన సబ్జెక్టుకు శిక్షణ అవసరం తక్కువన్న అభిప్రాయం పాఠశాల స్థాయిలో సహజంగానే ఏర్పడుతుంది. దీనికి భిన్నంగా ఆంగ్లంపై ఒత్తిడి ఏటేటా పెరిగింది. 2008లో సక్సెస్ పాఠశాలల పేరిట ఉన్నత పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమ తరగతులు ప్రారంభమైనవి. 2019 నవంబరులో పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చేందుకు వెలువడిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసినప్పటికీ, ఆంగ్లం పట్ల తల్లిదండ్రుల ఆకాంక్ష మాత్రం తగ్గలేదు.

దూరం – విడుదల సమస్య

మాచర్ల నుండి బోయపాలేనికి గానీ, యర్రగొండపాలెం నుండి మైనంపాడుకు గానీ చేరాలంటే సుమారు వంద కిలోమీటర్లు, అంతకు పైబడి ప్రయాణించాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు జిల్లాలుగానూ, బాపట్ల జిల్లాలో భాగంగానూ విడిపోయింది. ఉమ్మడి ప్రకాశం నుండి చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్లలో చేరాయి. బోయపాలెం డైట్ పల్నాడు పరిధిలోకి రాగా, కొత్త గుంటూరు, బాపట్ల జిల్లాల ఉపాధ్యాయులు శిక్షణ కోసం పొరుగు జిల్లా సంస్థపై ఆధారపడవలసి వచ్చింది. పరిపాలన సరిహద్దులు మారినంత వేగంగా శిక్షణ సంస్థలు మారవు.

దూరం కంటే క్లిష్టమైనది విడుదల. చిన్న ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క భాషకు ఒక్కరే ఉపాధ్యాయుడు ఉండడం కద్దు. ఆరు నుండి పది వరకు ఐదు తరగతులు, వారానికి ఆరు పిరియడ్ల చొప్పున లెక్కిస్తే, నెల రోజుల శిక్షణకు ఒక ఆంగ్లోపాధ్యాయుడు వెళ్లిన పక్షంలో సుమారు 120 పిరియడ్ల బోధన నిలిచిపోతుంది. ప్రత్యామ్నాయ ఏర్పాటు లేనప్పుడు ప్రధానోపాధ్యాయుడు పంపడానికి వెనుకాడటం, ఉపాధ్యాయుడు వెళ్లడానికి సంకోచించడం రెండూ అర్థం చేసుకోదగినవే. పర్యవసానంగా, ఉపాధ్యాయుల కొరత గల పాఠశాలలకే శిక్షణ అందని పరిస్థితి ఏర్పడుతున్నది.

పంట కాలం – బడి కాలం

ఈ మైదానాల్లో ప్రత్తి తీత అక్టోబరు నుండి జనవరి వరకు, మిరప కోతలు జనవరి నుండి వేసవి వరకు సాగుతాయి. ఆ రోజుల్లో పశ్చిమ ప్రకాశం మెట్ట మండలాల నుండి, కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి కూలీ కుటుంబాలు తరలివస్తాయి. పిల్లలు కొందరు బడి మానుతారు, మరికొందరు కొత్త ఊరి బడిలో నడుమ చేరుతారు. కర్ణాటక సరిహద్దు గ్రామాల తెలుగు మాట్లాడే బాలునికి గుంటూరు పాఠశాలలో వినబడే తెలుగు, పాఠ్యపుస్తకంలోని తెలుగు రెండూ కొత్తవే. ఈ పరిస్థితిని ఎదుర్కొనే నైపుణ్యం భాషోపాధ్యాయునికి అత్యవసరం. పదో తరగతి పరీక్షలు సైతం ఈ కోతల కాలంలోనే వస్తున్నందున, ఆ నెలల్లో ఉపాధ్యాయుని శిక్షణకు పిలవడం తరగతికి రెండు విధాల నష్టం.

ఇంటి భాష నుండి బడి భాషకు విద్యార్థిని నడిపించే బోధనలో రాష్ట్రానికి అనుభవం లేకపోలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎంపిక చేసిన గిరిజన ప్రాంత పాఠశాలల్లో బంజారాతో సహా పలు గిరిజన భాషలకు చోటు కల్పించింది. ఆ అనుభవం తండాలకే కాక, వలస కుటుంబాల పిల్లలున్న మైదాన పాఠశాలలకూ ఉపకరిస్తుంది.

చేతిలోని వనరులు

శిక్షణకు అవసరమైన సామగ్రి కొంత ఈ నేలపైనే ఉన్నది. ఒంగోలులో జన్మించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే అంకితమైనది. తదుపరి సంపుటం చేనేతకు సంబంధించినది. రైతు బిడ్డ, నేత బిడ్డ ఇంటి నుండి తెచ్చే మాటలను పాఠంగా మలచడానికి ఇంతకు మించిన ఆకరం అరుదు. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయంలోని పాత పత్రికలు, గ్రంథాలు తెలుగు ఉపాధ్యాయుల కార్యశాలలకు అనువైనవి.

చేయదగినవి

మొదటిది, దీర్ఘకాలిక శిక్షణలను కోతల కాలానికి ముందే, జూలై – సెప్టెంబరు మధ్య నిర్వహించడం, విడుదలైన ఉపాధ్యాయుని స్థానంలో తాత్కాలిక సర్దుబాటు ఉత్తర్వులను శిక్షణ ఉత్తర్వులతో పాటే జారీచేయడం. రెండవది, జిల్లా సరిహద్దులతో నిమిత్తం లేకుండా సమీప డైట్‌లో శిక్షణ పొందే వెసులుబాటు. మూడవది, పాఠశాల సముదాయ సమావేశంలో తెలుగు, హిందీ, ఆంగ్ల ఉపాధ్యాయులు కలిసి కూర్చొనే అవకాశం. ఒకే విద్యార్థి మూడు భాషల్లోనూ చదవలేకపోతున్నప్పుడు ముగ్గురూ వేర్వేరుగా శిక్షణ పొందడం వల్ల ప్రయోజనం పరిమితం. నాల్గవది, బెంగళూరు, హైదరాబాదు శిక్షణలు పొందివచ్చినవారిని సముదాయ స్థాయిలో వనరుల ఉపాధ్యాయులుగా వినియోగించుకోవడం. ఐదవది, తెలుగు ఉపాధ్యాయులకు పఠన, లేఖన బోధనపై ప్రత్యేక వసతి శిక్షణ.

50 గంటల నియమం పూర్తయినదని ధ్రువపత్రం తెలుపగలదు. మిరప కల్లం నుండి ఫిబ్రవరిలో బడికి తిరిగివచ్చిన బాలిక తన పాఠాన్ని తానే చదువుకోగలిగినప్పుడే ఆ గంటలు సార్థకమైనట్లు భావించవలసి ఉంటుంది.