ముందు తూము, పిమ్మట టైల్సు

బరంపురములో వంటింటినో స్నానాల గదినో బాగుచేయించుకొనదలచిన గృహస్థుడు మొట్టమొదట టైల్సు దుకాణమునకు వెళ్ళును. అచ్చట గోడకు ఆనించి నిలిపిన పలకల నడుమ భార్య గోధుమవన్నెను, కుమార్తె తెలుపును, తాను మరక కనబడని రంగును మెచ్చుకొనుచు ఒక పూట గడిపి, బయానా ఇచ్చి, ఇంటికి వచ్చిన పిమ్మట మేస్త్రికి కబురు పంపుదురు. ఆ మేస్త్రి గోడలు కొలిచి, మనము తెలుగున చెప్పినదానికెల్ల ఒరియాలో బదులిచ్చి (మన ఊర ఇది వింత కాదు), కట్టకడపట నీళ్ళు ఎటు పోవాలని అడిగినప్పుడు గాని అటువంటి ప్రశ్న యొకటి కలదని ఎవ్వరికిని స్ఫురింపదు. ఈ క్రమము తలక్రిందులైనదని నా అభిప్రాయము. తూము మొదటిది, కుళాయి రెండవది, వెలుతురు మూడవది. టైల్సు వీని యన్నిటి పిమ్మట, చేతిలో మిగిలిన సొమ్మును బట్టి ఎంచుకొనవలసిన అలంకారము. మఱియు మన గంజాము జిల్లా ఇండ్ల కట్టుబడిలో తూము ఏ యొక్క గృహస్థుని సొత్తును కాదు గనుక, ఇరుగుపొరుగుల ప్రమేయము లేక ఒంటరిగా తలపెట్టదగిన పని కాదిది.

పాత బరంపురపు వీధులలోనేమి, చుట్టుపట్టుల పల్లెలలోనేమి, ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని వరుసగా నిలిచి యుండును. రెండిండ్ల నడుమ గోడ ఒక్కటే. వెడల్పున పది పదునైదు అడుగులకు మించని ఇల్లు పొడవున మాత్రము వీధి అరుగు మొదలుకొని వెనుక సందు వరకు సాగిపోవును. అరుగు, సావిడి, ఒకదాని వెనుక నొకటిగా గదులు, నడుమ ఆకాశము కనబడు చిన్న ముంగిలి, ఆ వెనుక వంటిల్లు, పెరడు, నుయ్యి, పెరటి కొసను మరుగుదొడ్డి. దేవాంగుల ఇండ్లలో ముందరి గదిని మగ్గము ఆక్రమించును గాని తక్కిన వరుస అదియే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, గంజాము మద్రాసు నుండి విడివడి, కచేరీల భాష మారినను ఈ ఇంటి పటము మారలేదు; తెలుగువాని ఇల్లును ఒరియావాని ఇల్లును గోడ పంచుకొన్నచోట లోపలి అమరిక ఇరువురిదియు ఒక్కటియే.

ఆ అమరికకు హేతువు లేకపోలేదు. నూతికి చేరువనే వంటిల్లు, వంటింటి నీరు పారుటకు పెరటిలో అరటిబోదె, పొగ పోవుటకు పెంకుల సందులు, గాలి దిగుటకు ముంగిలి. నీరు ఇంటి వెనుక పుట్టి వెనుకనే లయించెడిది; దానిని ఇల్లంతయు త్రిప్పవలసిన అగత్యము లేకుండెను. మరుగుదొడ్డిని కొసకు నెట్టిన కారణములలో ఒకటి మాత్రము తలచుకొని సిగ్గుపడవలసినది. దానిని శుభ్రపరచు మనిషి వెనుక సందున వచ్చి వెనుక సందుననే పోవలెను గాని ఇంటిలో కాలుపెట్టరాదనునది నాటి వారి నియమము. 1993లో నొకమారు, 2013లో మరింత గట్టిగా శాసనములు ఆ వృత్తిని నిషేధించినవి. అది పోవుట సర్వవిధముల మేలు. కాని నీళ్ళతో కడుగు మరుగుదొడ్డి వచ్చినది మొదలు అది క్రమముగా ఇంటిలోనికి నడచి వచ్చినది; కుళాయి వచ్చినది మొదలు వంటిల్లు నూతిని విడిచి ముందునకు జరిగినది; నడిమి ముంగిలి మీద శ్లాబు పడినది. ఇన్ని మార్పులు జరిగినను తూము మాత్రము తాతల నాడు ఉన్న చోటనే ఉన్నది.

ఈ చిక్కు ఎట్లుండునో చూడవలెనన్న నాకు పరిచితులైన యొకరి వంటిల్లు చాలును. మోడ్యులర్ కిచెన్ అను పేర అందమైన బీరువాలు, నల్ల గ్రానైటు గట్టు, పొయ్యి మీద చిమ్నీ, అన్నియు అమరినవి. సింకు ముంగిలి వైపు గోడకున్నది. తూము పెరటిలో నున్నది. ఈ రెంటిని కలుపుటకు రెండంగుళముల గొట్టమొకటి భోజనాల గది గచ్చు క్రింద ముప్పది అడుగులు పోవలసి వచ్చినది. అడుగునకు పావు అంగుళము చొప్పున వాలు ఇచ్చినచో కొసకు పోవుసరికి ఏడున్నర అంగుళముల లోతు కావలెను. పాత గచ్చు క్రింద అంత లోతు త్రవ్విన ఉమ్మడి గోడ పునాది కదలునని మేస్త్రి భయపడి మూడంగుళములతో సరిపుచ్చెను. గంజియు, పప్పు కడుగునీరును, చింతపండు పిప్పియు నడుమనే విశ్రమించుచు, నెలకొకమారు మూత తెరచి ఇనుప తీగతో పొడిపించిన గాని కదలకున్నవి. ఆ మూత ఉన్న చోటు భోజనపు బల్ల క్రింద. అతిథులు వచ్చిన దినముననే అది నిండుట ఆ ఇంటి ఆనవాయితీ.

ఆ వంటింటి గట్టు ఎత్తును నిర్ణయించినవాడు వంట చేయువాడు కాడు. అమెరికా దేశపు ముప్పదియారంగుళముల కొలత కేటలాగు నుండి నేరుగా దిగినది. వండు ఇల్లాలి ఎత్తు ఐదడుగులు. మోచేయి మడిచి నిలిచినప్పుడు మోచేతికి నాలుగంగుళములు దిగువగా గట్టు ఉండవలెనను సులభసూత్రమును పాటించినచో ముప్పదిరెండు, ముప్పదిమూడు అంగుళములు సరిపోయెడివి. ఇప్పుడామె గరిటె త్రిప్పునప్పుడెల్ల భుజమును పైకెత్తవలసి యున్నది; పై బీరువాల లోని పోపుల డబ్బాకై ముక్కాలిపీట నొకదానిని వంటింటనే ఉంచుకొన్నది. బీరువాల రంగు గురించి ఆమెను నాలుగుమారులు అడిగిన కుటుంబము ఎత్తు గురించి ఒకమారును అడిగినట్లు లేదు.

ఇరుకు వంటింటిని వండు మనిషిని బట్టి రూపించుట అసాధ్యమేమియు కాదు. 1926లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున, ఎర్నెస్ట్ మే అను వాస్తుశిల్పి పర్యవేక్షణలో సామాన్యులకు ఇండ్లు కట్టుచున్న కాలమున, మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అను యువతి రూపించిన వంటిల్లు మన వరుస ఇండ్ల గదికంటె పెద్దది కాదు: వెడల్పు ఆరడుగులకు కొంచెము మించినది, పొడవు పదకొండు అడుగులు. రైలు భోజనపు పెట్టెలో అంత ఇరుకున వంట ఎట్లు సాగుచున్నదో పరిశీలించి, అడుగులు లెక్కించి, పొయ్యికి, నీటితొట్టికి, కిటికీ క్రింది కోత బల్లకు స్థానములు నిర్ణయించినది. అట్టి వంటిండ్లు సుమారు పదివేలు అమర్చబడినవి. నేడు మనము మోడ్యులర్ అని కొనుచున్నదానికి అది పూర్వరూపము. అయితే దానియందొక లోపమును తరువాతి తరమువారు ఎత్తిచూపిరి: అది ఒంటరి గృహిణికి చెరవంటి గది, రెండవ మనిషికి అందు చోటు లేదు.

బరంపురమునకు ఈ లోపము మరింత గట్టిగా తగులును. ఇచ్చటి అప్పడములకు, వడియములకు, ఊరగాయలకు ఒడిశా అంతటను పేరున్నది. ఆ పేరు ఒక్క దుకాణములది కాదు; ముగ్గురు నలుగురు స్త్రీలు కూడి గచ్చు మీద కూర్చుండి పిండి పిసికి, ఉండలు చేసి, ఒత్తి, ముంగిట ఆరబెట్టిన చేతులది. గట్టు యొద్ద నిలుచుండి చేయు పని కాదది. ముంగిలిపై శ్లాబు పోసి, గచ్చు మీద కూర్చుండు చోటును బీరువాలతో నింపినవారు పిమ్మట అప్పడములను అంగడిలో కొనుక్కొనుచున్నారు. ముంగిలిని మూయవలదని నేను చెప్పిన, దొంగలు, కోతులు, వాన జల్లు అని మూడు కారణములు చెప్పుదురు, మూడును నిజమే. ఇనుప జాలి వేసి, దానిపై తెరచి మూయదగిన రేకు అమర్చినచో మూడింటికిని సమాధానము దొరకును, వెలుతురు నిలుచును. పగటిపూట దీపము వెలిగించుకొనవలసిన వంటింటిలో ఎంత తెల్లని టైల్సు పరచినను ఏమి లాభము?

ఇక స్నానాల గది. దీని గుణము గోడల సొగసులో లేదు, గచ్చు వాలులో నున్నది. ఆరడుగుల గదికి తూము వైపు ఒక అంగుళము వాలు చాలును. అది లేనిచో నీరు తలుపు వైపు వచ్చును. టైల్సు పరచుటకు ముందు నీరింకని పూత వేసి, తూము మూసి, గచ్చు మీద నీరు నిలిపి ఒక దినమో రెండు దినములో చూచినచో ఎక్కడ ఊరుచున్నదో బయటపడును. ఈ పరీక్షకు ఓపిక తప్ప ఖర్చు లేదు. అందుచేతనే గాబోలు దీనిని ఎవ్వరును చేయరు. తూము మీది నహానీ ట్రాప్‌లో రెండంగుళముల నీరు నిలిచిన గాని సందు వాసన ఇంటిలోనికి రాకమానదు. ముసలివారున్న ఇంట తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. లోపల పడినవారే తలుపునకు అడ్డమైనచో దానిని తెరచుట యెట్లు?

ఇంతవరకు చెప్పినది ఒక ఇంటి గోడల లోపలి సంగతి. కాని ఆ గోడలు ఉమ్మడివి. మన స్నానాల గది తడి పొరుగువారి దేవుని గదిలో చెమ్మయై కనబడును. మగ్గమున్న ఇంటి గోడకైన పట్టునూలు చెడును. ఇంతకంటె ఘోరమైనది నూతి విషయము. నూతికిని మరుగుదొడ్డి గుంటకును యాబది అడుగుల ఎడమైన ఉండవలెనని సాధారణముగ ఇంజనీర్లు చెప్పుదురు. మనవాడు తన పెరటిలో ఆ దూరమును జాగ్రత్తగా కొలిచి, నుయ్యి వెనుకను గుంట ముందును పెట్టుకొని సంతోషించును. ఇంటి వెడల్పు పన్నెండు అడుగులే గదా. ప్రక్కింటివాడు అదే జాగ్రత్తతో తన గుంటను వెనుక పెట్టుకొన్నచో, అది వీని నూతికి పది అడుగుల దూరములో నుండును. ఇద్దరును శాస్త్రము తప్పలేదు, ఇద్దరి నీరును చెడినది. నుయ్యి ఎందుకు, ఋషికుల్య నది నీరు కుళాయిలో వచ్చుచున్నదిగదా అనువారు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూరు కడ తీరము దాటిన పిమ్మట కరెంటు లేక మోటార్లు మూగవోయిన దినములను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

ఈ ఉమ్మడితనమును గుర్తించి పని చేసినవారు పట్టణమున గాక పల్లెలలోనే ఉన్నారు. బరంపురమునకు చేరువనున్న మొహుదాలో 1979లో నెలకొన్న గ్రామ వికాస్ సంస్థ (దాని స్థాపకుడు జో మడియత్ 1971 తుపాను బాధితుల సేవకై మద్రాసు నుండి విద్యార్థులతో వచ్చి ఒడిశాలో నిలిచిపోయినవాడు) 1992లో ఐదు గ్రామములతో మరుగుదొడ్ల, కుళాయిల కార్యక్రమము నొకదానిని ఆరంభించెను. దాని నియమము కఠినము: ఊరిలోని ప్రతి కుటుంబము, కులమేదైనను, ఒప్పుకొన్న గాని పని మొదలుపెట్టరు. సగటున ఇంటికి వేయి రూపాయలు మూలధనముగా జమచేయవలెను. ఊరు కొత్త సంసారములతో పెరిగినప్పుడు దాని వడ్డీ అక్కరకు వచ్చును. ఆ పిమ్మట ప్రతి ఇంటికిని ఒక మరుగుదొడ్డి, దాని ప్రక్కనే ఒక స్నానాల గది, మూడు కుళాయిలు: ఒకటి మరుగుదొడ్డిలో, ఒకటి స్నానాల గదిలో, ఒకటి వంటింటిలో. ఒక్క ఇల్లు వెలిగా నిలిచినను ఆ ఇంటి మలినము ఊరందరి నీటిలో చేరునన్న ఎరుకయే ఈ నియమమునకు మూలము. 2019లో నోబెల్ బహుమానము పొందిన ఎస్తేర్ దుఫ్లో తన సహచరులతో కలిసి గ్రామ వికాస్ పనిచేసిన గ్రామములను పరిశీలించి 2015లో ప్రకటించిన పత్రమున, చికిత్స అవసరమైన అతిసారము నూటికి ముప్పది మొదలు యాబది వంతుల వరకు తగ్గినదని తేలినది.

గోడలకు పాలరాతి వన్నె పలకలు లేని ఆ పల్లె స్నానాల గదులను మన పట్టణపు గదులతో పోల్చి నవ్వుట సులభము. కాని ఆ గదులు కట్టినవారు నీరు వచ్చు త్రోవను, పోవు త్రోవను ఊరంతటికి కలిపి ఒక్కసారిగా ఆలోచించిరి. 2008 నుండి నగరపాలక సంస్థ అని పిలువబడుచున్న మన ఊరిలో గోడ పంచుకొన్న మూడిండ్లవారు కూడి ఒక గుంట ఎచ్చట త్రవ్వవలెనో నిర్ణయించుకొన్న సందర్భమును నేను విని యెరుగను. ఊరంతయు కలియుట పట్టణమున సాధ్యము కాదందురేమో. మూడిండ్లు కలియుటకు అడ్డమేమి? ఇటు ప్రక్కవారు, అటు ప్రక్కవారు, నడుమ తాము. మూడు పెరళ్ళను ఒకే కాగితము మీద గీసి, నూతులు, గుంటలు, తూములు గుర్తించి, ముగ్గురును చేవ్రాలు చేసినచో అది సగము పని. అటువంటి పటము లేనిదే మరమ్మతునకు అనుమతి ఇయ్యరాదని నగరపాలక సంస్థ నియమము చేసిన మరియు మంచిది.

ఈ పటము గీయుటకు శ్రావణ భాద్రపదములు అనుకూలమైనవి. జోరున వాన కురియుచుండగా పెరటిలోనికి పోయి నీరు ఎటు పారుచున్నదో, ఎవరి గోడ మొదట నిలుచుచున్నదో చూచిన చాలును. కాగితము మీద వేయవలసిన గీతలన్నియు నేల మీదనే కనబడును. గోడలు పడగొట్టి గొట్టములు మార్చుపని మాత్రము కార్తీకము వరకు ఆపుకొనుట క్షేమము. ఫైలిన్ వచ్చినది అక్టోబరు 12న, 2018లో పలాస కడ తీరము దాటి మన జిల్లాను ముంచిన తిత్లీ వచ్చినది అక్టోబరు 11న. ఆ మాసమున ఇంటి వెనుక భాగమును విప్పి కూర్చున్నవాని గతి ఏమగునో టైల్సు దుకాణమువాడు చెప్పడు.