తొలకరికి ముందే

చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం ఊరి పొలిమేరలో చింతచెట్టు కింద ఆగిన గొర్రెల మందను ఎప్పుడైనా నిలబడి చూశారా? చెట్టు నీడలో పట్టినన్ని జీవాలు నీడలో ఉంటాయి. చోటు దొరకనివి ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి, పక్కదాని ఒంటినే గొడుగు చేసుకుని నిలబడతాయి. డొక్కలు ఎగసెగసి పడుతుంటాయి. కాపరి మాత్రం కన్ను మూయడు. తల వాల్చిందేది, నెమరు వేయడం మానిందేది, మందకు ఎడంగా ఒంటరిగా నిలబడిందేది అని ఆయన చూపు వెతుకుతూనే ఉంటుంది. దారిన పోయేవాళ్ళకు అది విశ్రాంతి వేళ. ఆయనకు అసలు పని వేళ అదే.

పంచాంగం ఈ రోజులను వసంతం అంటుంది. మామిడి పూత పిందె కట్టి, వేపచెట్టు చిగురించి, కోయిల కూసే కాలమే. కానీ మంద లెక్క వేరు. పుష్యంలో నిండుగా ఉన్న మేత ఫాల్గుణానికి సగమవుతుంది. వైశాఖానికి బీళ్ళలో మిగిలేది గరికవేళ్ళు, ఎండుటాకులు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె దాటి, మృగశిరలో తొలి చినుకు పడి, నేల మళ్ళీ పచ్చబడేదాకా జీవాలను నిలబెట్టుకోవడమే కాపరికి ఏటా ఎదురయ్యే పరీక్ష. ఏడాది పొడుగునా మంద ఎలా ఉండబోతోందో ఈ మూడు నెలలే తేల్చేస్తాయి.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన సంగతి కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు కోటీ 90 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో అదే మొదటి స్థానం. కోటీ 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. దేశం మొత్తం మీద ఉన్న 7 కోట్ల 40 లక్షల పైచిలుకు గొర్రెల్లో దాదాపు సగం తెలుగునేల మీదే మేస్తున్నాయి. పొడుగు కాళ్ళ నెల్లూరు గొర్రె నుంచి, గొంగడికి ఉన్నినిచ్చే నల్లని దక్కనీ గొర్రె దాకా ఇవన్నీ ఎండకు, మెట్టకు, నడకకు తరతరాలుగా అలవాటుపడిన జాతులు. గొల్ల, కురుమ కుటుంబాలకు ఇవే బ్యాంకు ఖాతా. పిల్ల పెళ్ళికీ, పిల్లవాడి కాలేజీ ఫీజుకూ, ఆసుపత్రి ఖర్చుకూ నాలుగు పొట్టేళ్ళు అంగడికి వెళతాయి. అందుకే ఒక్క రాత్రిలో పది జీవాలు పోతే ఆ ఇంట్లో ఏడ్చేది నష్టపోయిన డబ్బు కోసం మాత్రమే కాదు.

ఎండాకాలం మందను చూసుకోవడం అంటే ముందుగా పొద్దును పంచుకోవడం. తెల్లవారకముందే కదిలి, పది గంటలకల్లా మేత ముగించి, నీడ పట్టాలి. మళ్ళీ నాలుగు దాటాక బయలుదేరి చీకటి పడ్డాక కూడా మేపుకోవాలి. నేల మీద మేత లేనప్పుడు చెట్టు ఆదుకుంటుంది. తుమ్మకాయలు, జమ్మి ఆకు, రేగు మండలు, రావి, మర్రి, అవిశె, సుబాబుల్ ఆకులు ఆ నెలల్లో మందకు గాదెలు. అయితే సుబాబుల్ ఒక్కటే రోజుల తరబడి పెడితే వెంట్రుకలు రాలిపోతాయి కనుక మిగతా ఆకులతో కలిపి పెడతారు. జొన్న కోసిన చేలలో మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకలు చూడ్డానికి పచ్చగా ఊరిస్తాయి. నీళ్ళు లేక గిడసబారిన ఆ పిలకల్లో విషముంటుంది. అవి మేసిన గొర్రె ఇంటిదాకా రాదు. యాసంగి వరి కోతల వేళ కల్లం దగ్గర ఒలికిన వడ్లు కడుపునిండా తిన్న జీవానికి పొట్ట ఉబ్బి, పులిసి ప్రాణం మీదికి వస్తుంది. కరువు కాలంలో ఆకలితోనే కాదు, ఆకలి మీద ఒక్కసారిగా దొరికిన తిండితోనూ జీవాలు పోతాయి. ఈ సంగతి తెలిసిన కాపరి కర్ర అడ్డం పెట్టేది అందుకే.

తర్వాత నీళ్ళు. ఎండలు ముదిరితే పెద్ద గొర్రె రోజుకు ఐదారు లీటర్ల నీళ్ళు తాగుతుంది. వంద జీవాల మందకు 500 లీటర్లకు పైమాటే. బోరున్న రైతు దయతలిస్తే సరి, లేకుంటే మంద చెరువు దారి పట్టాల్సిందే. అక్కడే ఇంకో ముప్పు పొంచి ఉంటుంది. చెరువు నీళ్ళు లోపలికి గుంజుకునే కొద్దీ అంచు బురదలో నవనవలాడే గడ్డి మొలుస్తుంది. ఊరంతా ఎండిన వేళ కంటికి కనిపించే పచ్చదనం అదొక్కటే. ఆ బురదలోనే నత్తలుంటాయి. కార్జాన్ని తినే జలగ పురుగు పిల్లదశలో ఆ నత్త ఒంట్లో పెరిగి, బయటికి వచ్చి గడ్డిపోచను అంటిపెట్టుకుంటుంది. ఆ గడ్డి కొరికిన గొర్రె కడుపులో చేరుతుంది. ఇలా లోపల చేరే పురుగులే నట్టలు. నత్తలు, నట్టలు. అక్షరం తేడాతో ఉన్న ఈ రెండు మాటల మధ్య మంద ఆరోగ్యం సగం దాగి ఉంది. నీళ్ళు తొట్టిలో పోసి తాపితే, చెరువు అంచున మేపకుండా తోలుకుపోగలిగితే, మందు అవసరమే సగం తగ్గుతుంది.

నట్టల మందు తాపడానికి కూడా ఓ వేళ ఉంది. వేసవి ఎండ నేలను శుద్ధి చేస్తుంది. బీళ్ళలో గడ్డి మీదున్న నట్టల పిల్లలు ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి. మిగిలినవి గొర్రె కడుపులో దాక్కున్నవే. వానలకు ముందు మందు తాపితే, తొలకరికి మొలిచే కొత్త గడ్డి మీద వాటి గుడ్లు పడవు. నేలను ఎండ చూసుకుంది, కడుపును మనం చూసుకోవాలి. కాపరులు జీవం కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూస్తారు. ఎర్రగా ఉంటే భయం లేదు. తెల్లగా పాలిపోయి ఉంటే నెత్తురు పీల్చే నట్టలు చేరాయన్నమాట. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడితే పరిస్థితి ముదిరిందని అర్థం. మందు తాపేటప్పుడు బరువుకు తగిన మోతాదు ఇవ్వాలి. సీసా పదిమందికి సరిపెట్టాలని తగ్గించి పోస్తే నట్టలు చావకపోగా ఆ మందుకు అలవాటుపడతాయి. తలను మరీ పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న సంగతులే, కానీ మందలు నిలిచేది చిన్న సంగతుల మీదే.

ఇక టీకాలు. తొలకరికి తోడుగా వచ్చే చిటుక రోగం గురించి పెంపకందారులకు వేరే చెప్పనక్కరలేదు. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి ఎక్కడినుంచో రాదు. మామూలు రోజుల్లో గొర్రె పేగుల్లోనే అణగి ఉంటుంది. నెలల తరబడి ఎండుగడ్డి నమిలిన జీవం ఒక్కసారిగా లేత పచ్చిక ఆబగా మేసినప్పుడు అది లోపల విపరీతంగా పెరిగి విషం చిమ్ముతుంది. పేరుకు తగ్గట్టే చిటికె వేసేంతలో ప్రాణం పోతుంది. విచిత్రమేమిటంటే అది బక్కవాటిని వదిలి బలిసినవాటిని, అన్నిటికంటే బాగా మేసే పిల్లలను ఎంచుకుంటుంది. సాయంత్రం గంతులు వేసిన పిల్ల తెల్లారేసరికి కట్టెగా పడి ఉంటుంది. పచ్చిక మొలిచాక, మొదటి పిల్ల పడ్డాక పరుగెత్తి వేయించే టీకా అప్పటికే పడిన జీవాలను తెచ్చివ్వదు. మిగిలినవాటినీ వెంటనే కాపాడదు. టీకా ఇచ్చే రక్షణను శరీరం సమకూర్చుకోవడానికి కనీసం రెండు వారాలు కావాలి.

పీపీఆర్ కథ ఇంకా పెద్దది. పారుడు రోగమని మన పల్లెల్లో పిలిచే ఈ జబ్బును దేశంలో మొదట 1987లో తమిళనాడులోని అరసూరులో గుర్తించారు. జ్వరం, కళ్ళూ ముక్కూ కారడం, నోట్లో పుళ్ళు, ఆగని పారుడు. కొద్ది రోజుల్లోనే మందకు మంద ఖాళీ అయ్యేది. ముక్తేశ్వర్‌లో భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన టీకా ఒక్కసారి వేస్తే మూడేళ్ళ వరకు కాపాడుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన రిండర్‌పెస్ట్ ఒకప్పుడు పశువుల కొట్టాలను శ్మశానాలు చేసింది. పశువైద్యులు, టీకా పెట్టె భుజాన వేసుకుని ఊరూరా నడిచిన సిబ్బంది కష్టం ఫలించి 2011లో ఆ రోగం భూమి మీదే లేదని ప్రపంచం ప్రకటించగలిగింది. మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన పశువుల రోగం అదొక్కటే. పీపీఆర్‌ను 2030 నాటికి అదే దారి పట్టించాలన్నది ప్రపంచ దేశాల సంకల్పం. దేశంలోని గొర్రెల్లో సగం ఉన్న తెలుగు పల్లెల్లో ఈ టీకా ఎంత పకడ్బందీగా పడుతుందన్నదాని మీద ఆ సంకల్పం చాలావరకు ఆధారపడి ఉంది.

రాని రోగానికి సాక్షులుండరు. టీకాకు, ముందు జాగ్రత్తకు ఉన్న కష్టమంతా ఇదే. చనిపోయిన పది గొర్రెల ఫొటో పత్రికకెక్కుతుంది. చనిపోకుండా మిగిలిన వంద గొర్రెల గురించి ఎవరూ రాయరు. మే నెల ఎండలో దొడ్డి దొడ్డికీ తిరిగి, ఐసు పెట్టెలో టీకా వేడెక్కకుండా కాపాడి, ఒక్కో జీవాన్ని పట్టుకుని సూది వేసిన గోపాలమిత్ర పేరు తొలకరి పచ్చికలో మేసే మందకు తెలియదు. మనకూ తెలియదు. కానీ మంద ఆరోగ్యం నిలబడేది ఎవరూ చూడని ఆ పని మీదే.

ఆ పని అందని మందలు చాలా ఉన్నాయి. పాలమూరు మెట్ట నుంచి కృష్ణా తీరానికి, నల్లమల వైపుకు, మేతా నీరూ వెతుక్కుంటూ వేసవిలో వలసపోయే కాపరులు వేలల్లో ఉంటారు. సొంతూళ్ళో టీకాల శిబిరం పెట్టిన రోజున వాళ్ళ మంద వంద కిలోమీటర్ల అవతల ఎవరి పొలంలోనో వల లోపల ఉంటుంది. మంద ఆగిన ఊళ్ళో పశువుల ఆసుపత్రికి పోతే ఆ జీవాలు అక్కడి లెక్కలోవి కావు. శిబిరం ఊరికి కాక మంద దారికి రావాలి. కాపరులు ఏటా ఏ దారిన నడుస్తారో, ఎక్కడెక్కడ ఆగుతారో ఆ ఊళ్ళవారందరికీ తెలుసు. ఆ మజిలీల దగ్గరే టీకాలు వేసి, వేసిన తేదీ రాసిన కార్డు కాపరి చేతికిస్తే, ఏ జిల్లాలో ఉన్నా ఆ మంద లెక్కలో ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు ఉంది. ఆ నంబరు ప్రతి కాపరి ఫోనులోనూ ఉండాలి. పిలిస్తే అడవి అంచుకు కూడా ఆ వాహనం కదలాలి.

మిగతా వాళ్ళం కూడా చేయగలిగిన పనులున్నాయి. కోత అయిన పొలంలో నాలుగు రాత్రులు మంద పెట్టించుకుంటే ఆ ఎరువు బలం మరుసటి పంటకూ అందుతుంది. ఆ సంగతి తెలిసిన రైతు కాపరికి కూలి ఇవ్వడంతో పాటు బోరు దగ్గర తొట్టి కూడా నింపి పెట్టాలి. చేనుకు పురుగుమందు కొట్టి ఉంటే ముందే చెప్పాలి. ఉపాధి హామీ కింద కట్టిన పశువుల నీటి తొట్లు చాలా ఊళ్ళలో వేసవి వచ్చేసరికే ఎండి, చెత్తతో నిండి ఉంటున్నాయి. వాటిని కడిగి, రోజూ నింపే బాధ్యత పంచాయతీది. పొలిమేరలో చెట్టు కొట్టే ముందు, ఆ నీడలో ఎవరెవరు ఆగుతారో ఒక్కసారి తలచుకోవాలి.

తొలకరికి మంద తయారుగా ఉండడమంటే బతికి ఉండడం మాత్రమే కాదు. వేసవిలో బక్కచిక్కిన గొర్రె తొలివానలకు ఎదకు రాదు. వచ్చినా చూలు నిలవదు. జతకు ముందు రెండు మూడు వారాలు రోజుకు పావుకిలో దాణా అందిన గొర్రె జ్యేష్ఠ ఆషాఢాల్లో కట్టి, ఐదు నెలలు మోసి, కార్తీక మార్గశిరాల్లో బలమైన పిల్లను ఈనుతుంది. వచ్చే శీతాకాలపు పిల్లల బలం ఈ వైశాఖపు మేతలోనే ఉంది.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. చిటుక టీకా వంటబట్టడానికి రెండు వారాలు పడుతుంది కనుక మే మూడో వారం దాటనివ్వకండి. మొదటిసారి వేయించే పిల్లలకు రెండో డోసు కూడా ఉంది కనుక వాటికి మే మొదటి వారంలోనే మొదలుపెట్టండి. నట్టల మందు కూడా అప్పుడే తాపించండి. మబ్బు పట్టాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.