గుండెకు నడకే అండ

గుండెపోటు నుంచి బయటపడి ఇంటికొచ్చిన పెద్దాయన్ని పూచికపుల్ల కూడా ఎత్తనివ్వరు ఇంట్లోవాళ్లు. మంచం దిగితే కోడలు, మెట్టెక్కబోతే భార్య, గేటు దాటబోతే మనవడు... ఎవరో ఒకరు అడ్డం పడతారు. ప్రేమకొద్దీ చేసేదే. కానీ గుండెకు ఆ ప్రేమ మేలు చేయదు.

ఒకప్పుడు వైద్యులూ ఇలాగే భయపడేవారు. రోగిని వారాల తరబడి మంచానికే పరిమితం చేసేవారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టి చికిత్స చేయొచ్చని చెప్పారు. ఆ రోజుల్లో అదే పెద్ద సాహసం!

ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండెకు తన ఆహారం అందేది కరోనరీ ధమనుల ద్వారానే. విశ్రాంతిలో ఉన్నప్పుడే గుండె కండరం తనకందిన రక్తంలోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతాన్ని లాగేసుకుంటుంది. కాబట్టి శ్రమ పెరిగితే రక్తప్రవాహమూ పెరగాల్సిందే. అందుకు ధమనులు విప్పారాలి. వాటిని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసేది ధమనుల లోపలి పొర. జబ్బుపడిన ధమనుల్లో ఈ పొర సరిగా పనిచేయదు. దాంతో విప్పారాల్సిన సమయంలో అవి ముడుచుకునే ప్రమాదం ఉంది. వ్యాయామం చేసేటప్పుడు రక్తం ఆ పొరను ఒరుసుకుంటూ వేగంగా పారుతుంది. రోజూ జరిగే ఆ ఒరిపిడే పొరకు మళ్లీ పని నేర్పుతుంది. పైగా వ్యాయామం అలవాటైతే నాడి నెమ్మదిస్తుంది. గుండె కొట్టుకోవటానికీ కొట్టుకోవటానికీ మధ్య విరామం పెరుగుతుంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది ఆ విరామంలోనే.

జర్మనీలోని లీప్‌జిగ్ వైద్యులు 2000లో ప్రచురించిన పరిశోధన దీన్ని రుజువు చేసింది. కరోనరీ ధమనుల జబ్బున్న 19 మందిలో కొందరితో నాలుగు వారాలపాటు వ్యాయామం చేయించారు. వారి ధమనులు ముడుచుకోవటం సగానికి పైగా తగ్గింది. అవసరమైనప్పుడు రక్తప్రవాహం పెరిగే సామర్థ్యం 29 శాతం మెరుగైంది.

అలాగని వ్యాయామం పూడికల్ని కడిగేయదు. చచ్చిన కండరాన్ని బతికించదు. మందులకు బదులూ కాదు.

ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో పరీక్షలు చేసి వైద్యులే చెప్పాలి. సాధారణంగా చదునైన చోట అయిదు, పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో అరగంటకు పెంచుతారు. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరైనదే. మాట తడబడుతుంటే తగ్గించాలి. నెమ్మదిగా మొదలుపెట్టి నెమ్మదిగానే ముగించాలి. భోంచేసిన వెంటనే నడక వద్దు. ఊపిరి బిగబట్టి బరువులెత్తటం అసలే వద్దు.

ఛాతీలో నొప్పి, బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం, కళ్లు తిరగటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగిపోవాలి. వైద్యులిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకున్నా అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

పెద్దాయన గేటు దాటుతుంటే ఇంట్లోవాళ్లు ఆపక్కర్లేదు. చెప్పులేసుకుని పక్కనే నాలుగడుగులు నడిస్తే చాలు. ఆయన భయమూ తగ్గుతుంది, వాళ్ల గుండెలకూ మంచిది!