కన్ను విన్న నాదము

వాద్యముల దుకాణమునకు ఎలక్ట్రిక్ గిటారు కొనవచ్చిన యువకుని యెదుట విక్రేత రెండు గిటార్లను ప్రక్కప్రక్కన నిలుపును. దేహమొక్కటే, రంగొక్కటే, తంత్రులొక్కటే, వెల సైతము ఇంచుమించుగా ఒక్కటే. ఒకదాని దండి మాత్రము మీగడవలె తెల్లగాను, రెండవదాని దండి ముదురుపాకపు బెల్లమువలె నల్లగాను ఉండును. తెల్లనిది మేపుల్, నల్లనిది రోజ్‌వుడ్. "మేపుల్ బ్రైటుగా పలుకుతుందండి, రోజ్‌వుడ్ అయితే వార్మ్‌గా ఉంటుంది" అని విక్రేత సెలవిచ్చును, కొనువాడు తలయూచును, అంతటితో శాస్త్రచర్చ ముగియును. గిటారు పట్టిన వారందరును గురుపరంపరగా ఒకరికొకరు అప్పగించుకొనుచున్న ఈ వాక్యములో సత్యము ఒక అణా, సంప్రదాయము పదునైదణాలు అని నా అభిప్రాయము.

ముందుగా మాటను సరిచేసికొనవలెను. రోజ్‌వుడ్ నెక్ అని దుకాణములలో పిలువబడునది సాధారణముగా రోజ్‌వుడ్డుతో చేసినది కాదు. ఫెండర్ తరహా గిటార్లలో ఆ దండి కూడ మేపులే, దానిపై వ్రేళ్ళు నడయాడు ముఖమున మాత్రము కొన్ని మిల్లీమీటర్ల మందముగల రోజ్‌వుడ్ పలక అతికింపబడియుండును. కావున ఇన్ని యేండ్ల వివాదమును ఆ పలుచని పలకను గూర్చినదే. నిండు రోజ్‌వుడ్ దండి అపురూపము. ఫెండర్ సంస్థ 1968లో జార్జ్ హ్యారిసన్ కొరకు దేహమును దండియు రోజ్‌వుడ్డుతోనే నిర్మించిన టెలికాస్టర్, 1969 జనవరి 30వ తేదీన లండనులో బీటిల్స్ బృందము మేడపై చేసిన కచేరీలో ఆయన చేత కనబడినది, అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధము.

ఈ పలక గిటారు మీదికి వచ్చిన విధము ఎరుగదగినది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతుల దుకాణము నడపిన లియో ఫెండర్, 1950లో తన తొలి ఎలక్ట్రిక్ గిటార్లను విపణికి తెచ్చినపుడు, దండినంతటిని ఒకే మేపుల్ చెక్కతో చేయించి, మెట్లను ఆ చెక్కలోనే దిగగొట్టించి, దానిని నాలుగు మరలతో దేహమునకు బిగింపించెను. దండి అరిగినచో విప్పి మరియొకటి బిగించుకొనవచ్చునను గృహస్థధర్మమే ఇందలి రహస్యము. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్‌కును ఇదే పద్ధతి. 1958లో జాజ్‌మాస్టర్‌తో రోజ్‌వుడ్ పలక ప్రవేశించి, మరుసటి యేడు తక్కిన గిటార్లకును వ్యాపించెను. మేపుల్ మీది వార్నిషు వ్రేళ్ళ రాపిడికి చెరిగి, చెమటయు మురికియు చెక్కలోనికి ఇంకి, నల్లని మచ్చలు పడుచుండెననియు, నలుగురియెదుట వాయించువారికి అవి వెగటు గొలిపెననియు, ఆ మచ్చలు కానరాకుండుటకే నల్లని పలక వచ్చెననియు ఆ సంస్థ కథ చెప్పువారు చెప్పుదురు. మురికి కప్పుటకు వచ్చిన పలకకు నాదగౌరవము పిమ్మట సమకూడినది.

చెక్కకు నాదమున గల పాలెంతయో తెలియవలెనన్న మన వీణను తలచుకొనిన చాలును. బొబ్బిలి వీణను పనసమ్రానుతో చేయుదురు. దాని కుండ తొలువబడిన చెక్క, ఆ చెక్కయు, లోని గాలియు తంత్రితో కూడ కంపించి మనకు వినబడును. అచ్చట కర్రయే వాద్యమునకు కంఠము. స్ట్రాటోకాస్టర్ వంటి గిటారు దేహమన్ననో గట్టి దిమ్మె. దాని తంత్రుల క్రింద అయస్కాంతముల చుట్టును సన్నని రాగితీగ చుట్టి అమర్చిన పికప్పు, ఉక్కుతంత్రి కదలికను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరుకు పంపగా, అది స్పీకరులో నాదమగును. ఇచ్చట చెక్క తానుగా పలుకదు; తంత్రి శక్తిలో కొంత తాను హరించుట ద్వారా మాత్రమే నాదమును మార్చగలదు. వీణపై మైనములో నిలిపిన ఇత్తడి మెట్టుమీద తంత్రి ఆనినట్లే, గిటారుపైనను నొక్కిన తంత్రి లోహపు మెట్టుమీదనే ఆనును గాని పలకమీద కాదు.

మేపుల్ గట్టికర్ర కావున తళుక్కున పలుకుననియు, రోజ్‌వుడ్ మెత్తనిది కావున మృదువుగా పలుకుననియు తర్కించువారు కలరు. కొలబద్ద ఈ తర్కమునకు తలక్రిందులుగా చెప్పుచున్నది. ఒక ఘనమీటరు మేపుల్ చెక్క సుమారు 700 కిలోగ్రాములు తూగగా, భారతదేశపు రోజ్‌వుడ్ 800 కిలోగ్రాములకు పైబడి తూగును. చిన్న ఉక్కుగుండును సగమువరకు చెక్కలోనికి దిగనొత్తుటకు కావలసిన బలమును కొలుచు జాంకా పరీక్షలో మేపుల్‌కు సుమారు 1450 పౌండ్లు చాలగా, రోజ్‌వుడ్డుకు 2400 పౌండ్ల పైచిలుకు కావలెను. మెత్తనిదని పేరు మోసినదే రెంటిలో గట్టిది! మరి ఆ తళుకును, ఆ వెచ్చదనమును చెవికి ఎచ్చటినుండి వచ్చినవి? రంగునుండి వచ్చినవని నా అనుమానము. తెల్లనిదానిలో వెలుగును, నల్లనిదానిలో వెచ్చదనమును ముందుగా కన్ను విని చెవికి చెప్పినది, చెవి నమ్మినది.

"నా గిటారుకు నెక్ మార్చగానే సౌండ్ మారింది, నీవు కాదంటావా?" అని వాయించు మిత్రుడొకడు నన్ను నిలదీసెను. నేను కాదనలేదు. దండి మారినపుడు మెట్లు మారును, వాని ఎత్తు మారును, పలక వంపు మారును, దండి బరువును బిగువును మారును, తంత్రులు క్రొత్తవగును. ఇన్ని మారినచోట కీర్తినంతయు పలక జాతికే కట్టబెట్టుట న్యాయము కాదు. దండి కంపించుననుటయు, కొన్ని మెట్లయొద్ద తంత్రి శక్తిని తాను త్రాగివైచి స్వరమును త్వరగా అణగార్చుననుటయు సత్యమే. ఆ ఒక్క అణా సత్యమిదియే. అయినను అది ఆయా దండి బరువునుబట్టియు బిగువునుబట్టియు మారును గనుక, ఒకే మ్రాను కోసి చేసిన రెండు మేపుల్ దండులే ఒకదానివలె ఒకటి ప్రవర్తింపవు.

ఇందుకు గొప్ప సాక్షి డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్. పింక్ ఫ్లాయిడ్ బృందమునకు చెందిన ఆయన దానిని 1970లో న్యూయార్కులో కొన్నపుడు దానికి మేపుల్ దండి యుండెను. 1973లో వెలువడిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' నాటికి రోజ్‌వుడ్ పలకగల దండి వచ్చి చేరెను. 1979 నాటి 'ది వాల్' ఆల్బముకు ముందే మరల మేపుల్ దండి వచ్చెను. ఆ రెండు ఆల్బములను కంఠస్థము చేసినవారిలో దండి మారిన సంగతిని చెవితోనే పసిగట్టినవాడు నాకింతవరకు తారసపడలేదు. రెంటిలోను గిల్మర్ చేతిని గుర్తింపనివాడును తారసపడలేదు. ఇక చెక్కయే కంఠమైన అకూస్టిక్ గిటార్ల మాట. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వెనుక పలకయు ప్రక్కలును ఆరు విధములైన కర్రలతోను, తక్కినదంతయు ఒక్కటిగాను చేయించిన ఆరు గిటార్లను 52 మంది వాదకులచేత పరీక్షింపజేసి 2018లో ప్రకటించిన ఫలితములలో, కర్ర జాతినిబట్టి నాదగుణమున చెప్పుకోదగిన తారతమ్యము తేలలేదు. కుండ పలుకు వాద్యమునందే ఇట్లుండ, దిమ్మె వాద్యమునందు పలుచని పలకకు ఎంత పాలుండును?

అట్లయిన రెండును ఒక్కటేయని నేను చెప్పుట లేదు. తారతమ్యము ఉన్నది, అది చేతిలో నున్నది. మేపుల్ పలకకు మురికి పట్టకుండ వార్నిషు పూయుదురు గనుక వ్రేలు గాజుమీదవలె జారును; విశాఖపట్టణమునందో కాకినాడయందో వేసవి ఉక్కలో తడిచేతితో వాయించువారికి అదియే అంటుకొన్నట్లును ఉండును. రోజ్‌వుడ్డుకు సహజముగా తైలమున్నది, పూత అక్కరలేదు; వ్రేలికి పొడిగా, చారలు చారలుగా తగులును, ఎండినట్లు తోచినపుడు కొంచెము నూనె పట్టింపవలెను. మెట్లు అరిగి మార్పించునాడు వార్నిషుగల మేపుల్‌కు పనివాడు ఎక్కువ కష్టపడును, కూలియు ఎక్కువ యడుగును. వీనికంటె ముఖ్యము దండి వెనుకటి గుండ్రన, వెడల్పు, పలక వంపు. తొలినాటి ఫెండర్ పలకల వంపు 7.25 అంగుళముల వ్యాసార్ధముగల వృత్తఖండము. దానిపై తంత్రిని ప్రక్కకు బలముగా లాగినచో పైమెట్లయొద్ద స్వరము గొంతు నొక్కినట్లు ఆగిపోవచ్చును. చదునైన పలకపై ఆ బాధ తక్కువ. విక్రేతను ఈ కొలతలడుగువారు అరుదు, రంగడుగువారు తరచు.

మరియొక సంగతిని తెలుగు పాఠకుడు మరువరాదు. తొలినాటి రోజ్‌వుడ్ పలకలు బ్రెజిల్ అడవులవి. అరువదవ దశకపు మధ్యనుండి ఆ స్థానమున, మన పెద్దలు ఇరుగుడనియు జిట్టేగియనియు పిలిచిన దక్షిణభారతపు రోజ్‌వుడ్ వచ్చెను. కాలిఫోర్నియా గిటారుపై వ్రేళ్ళు నడయాడిన ఆ నల్లని పలక మన కొండల మ్రాను. బ్రెజిల్ జాతి 1992 నుండి అంతర్జాతీయ వాణిజ్యమున నిషిద్ధప్రాయమయ్యెను. 2017 జనవరి 2 నుండి రోజ్‌వుడ్ జాతులన్నిటికిని అనుమతిపత్రములు కావలసివచ్చెను. పూర్తియైన వాద్యములకు మాత్రము 2019 నవంబరులో సడలింపు దొరకెను. నిదానముగా పెరుగు ఈ మ్రాను మన అడవులలో తరుగుచున్నపుడు, కన్ను కల్పించిన ఒక విశేషణము కొరకు దానిని నరకించుటకు ముందు ఒక్కమారు ఆలోచించుట తప్పు కాదు.

కావున గిటారు కొనబోవు పిల్లలకు నా మనవి యిది. దుకాణములో ఒక మిత్రుని తోడు పెట్టుకొని, మీరు కన్నులు మూసికొని, రెండు గిటార్లను మార్చి మార్చి మీ చేతికి ఇమ్మనుడు. ఒక్కొక్కదానిపై పది నిమిషములు వాయింపుడు. చేయి యేది దించనొల్లదో అది కొనుడు, పిమ్మట కన్ను తెరచి రంగు చూడుడు. నేను పదునాలుగేండ్లుగా వాయించుచున్నది మేపుల్ దండి. నేను కోరి వెళ్ళిన రోజ్‌వుడ్ గిటారును అంతకుముందు రోజే ఎవరో కొనిపోయిరి.